అమ్మ పుట్టినరోజుకి రైల్లో సాల్జ్‌బర్గ్: మ్యూనిక్ నుంచి రెండు రోజుల ప్రయాణానికి పూర్తి ప్లాన్

జర్మనీలో మ్యూనిక్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళకి, సరిహద్దు అవతల ఆస్ట్రియాలో ఉన్న సాల్జ్‌బర్గ్ కొత్త ఊరేం కాదు. చదువుకోవడానికి వచ్చిన మొదటి ఏడాదే ఫ్రెండ్స్‌తో పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేసినవాళ్ళే ఎక్కువ. నేనూ అలా రెండుసార్లు వెళ్ళాను. జనం, వాన, కాళ్ళ నొప్పులు తప్ప పెద్దగా ఏమీ గుర్తులేదు. కిందటి జూన్‌లో మా అమ్మ అరవయ్యో పుట్టినరోజుకి అక్కడ ఒక రాత్రి ఉన్నాం, అమ్మ, నేను, మా ఆయన. అప్పుడు గానీ ఆ ఊరు ఏమిటో తెలియలేదు. అమ్మ రాజమండ్రి నుంచి మూడు నెలల వీసా మీద వచ్చింది. మోకాళ్ళ నొప్పులున్నాయి, గుడ్డు ముట్టదు, ఎక్కడికి బయల్దేరదీసినా "ఎందుకే ఇంత ఖర్చు" అంటుంది. మీ ఇంట్లోనూ అలాంటి అమ్మో నాన్నో ఉంటే, లేదా భార్యకో భర్తకో ఒక మంచి పుట్టినరోజు చేయాలనుంటే, మేం చేసినదంతా వరసగా రాస్తున్నాను.

ముందుగా అన్నిటికన్నా ముఖ్యమైన మాట: పుట్టినరోజు నాడు బయల్దేరకండి, ముందు రోజే వెళ్ళండి. పుట్టినరోజు పొద్దున నిద్ర లేచేది ఆ ఊళ్ళోనే అవ్వాలి. సాల్జ్‌బర్గ్ పాతబస్తీకి పగలు పదింటి నుంచి సాయంత్రం ఐదింటిదాకా టూరిస్టు బస్సులు, మ్యూనిక్ నుంచి ఒక్కరోజుకి వచ్చినవాళ్ళు, అందరూ ఒకేసారి వచ్చి పడతారు, గెట్రైడెగాసె అనే ఆ సన్నటి వీధి తిరునాళ్ళలా ఉంటుంది. అదే వీధి పొద్దున ఏడింటికి ఖాళీ. కింద రాసిన ప్లాన్ మొత్తం ఆ పొద్దుటి పూట మీదే ఆధారపడింది.

1. తేదీ చూసుకోవడం

పుట్టినరోజు మన చేతిలో ఉండదు గానీ, ఆ తేదీకి ఊళ్ళో ఏం జరుగుతోందో తెలుసుకోవాలి. జులై చివరి నుంచి ఆగస్టు ఆఖరుదాకా సాల్జ్‌బర్గ్ ఫెస్టివల్, 1920 నుంచి జరుగుతున్న సంగీత నాటకోత్సవం. ఆ రోజుల్లో గదుల ధరలు చాలా పెరిగిపోతాయి, నెలల ముందు బుక్ చేయకపోతే దొరకవు కూడా. నవంబరు చివరి నుంచి డిసెంబరంతా క్రిస్మస్ మార్కెట్, చూడ్డానికి చాలా బాగుంటుంది కానీ శనివారాలు మాత్రం వద్దు. జనవరి 27 సంగీతకారుడు మోట్సార్ట్ పుట్టినరోజు కాబట్టి ఆ వారంలో కచేరీలు ఎక్కువ. మీ ఇంట్లోవాళ్ళ పుట్టినరోజూ అప్పుడే అయితే చలి ఓర్చుకుని వెళ్ళొచ్చు.

ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి, పండ్ల మార్కెట్ కూడా ఉండదు, స్టేషన్‌లో ఉన్న సూపర్ మార్కెట్ ఒక్కటే దిక్కు. గురువారమైతే మిరాబెల్ తోట పక్కన ఆండ్రే చర్చి చుట్టూ ష్రానె అనే పెద్ద సంత జరుగుతుంది. రొట్టెలు, చీజ్, పువ్వులు, కూరగాయలు, అన్నీ పల్లెల నుంచి తెచ్చి పెడతారు, అమ్మలకి మ్యూజియం కన్నా అదే నచ్చుతుంది.

వాన సంగతి కూడా చెప్పాలి. సాల్జ్‌బర్గ్ వానకి ష్న్యూర్ల్‌రేగెన్ అని పేరే ఉంది, అంటే దారాలు వేలాడినట్టు పడే వాన. ఎండాకాలంలోనే ఎక్కువ. మనిషికో గొడుగు పెట్టుకోండి, ముగ్గురికి ఒక గొడుగుతో కుదరదు.

2. టికెట్

డాయిచ్‌లాండ్ టికెట్ ఉన్నవాళ్ళకి వేరే టికెట్ అక్కర్లేదు. 2023 మేలో 49 యూరోలతో మొదలై, 2025లో 58కి, 2026 జనవరి నుంచి 63కి పెరిగిన ఆ నెలవారీ టికెట్ ఆస్ట్రియాలో ఉన్న సాల్జ్‌బర్గ్ మెయిన్ స్టేషన్ దాకా చెల్లుతుంది. కానీ ప్రాంతీయ రైళ్ళలో మాత్రమే, అంటే బీఆర్‌బీ రైలు. అదే దారిలో పోయే రైల్‌జెట్, యూరోసిటీ అనే ఎక్స్‌ప్రెస్ రైళ్ళలో చెల్లదు, ఎక్కితే జరిమానా. సాల్జ్‌బర్గ్ సిటీ బస్సుల్లో కూడా చెల్లదు.

ఆ టికెట్ లేని అమ్మానాన్నలకి బయర్న్ టికెట్, అంటే బవేరియా రాష్ట్రంలో ప్రాంతీయ రైళ్ళ టికెట్ తీసుకోండి. ఐదుగురిదాకా ఒకే టికెట్ మీద వెళ్ళొచ్చు, మనుషులు పెరిగేకొద్దీ కొంచెం కలుస్తుంది. మామూలు రోజుల్లో పొద్దున తొమ్మిది నుంచి, శని ఆదివారాల్లో అర్ధరాత్రి నుంచే మొదలై, తర్వాతి రోజు తెల్లవారుజామున మూడింటిదాకా చెల్లుతుంది. ఇది ఒక్కరోజు టికెట్, రాత్రి ఉంటున్నారు కాబట్టి తిరుగు ప్రయాణానికి ఇంకోటి కొనాలి. టికెట్ మీద పేర్లు రాయడం మర్చిపోకండి, పేరు లేకపోతే చెల్లదంటారు.

రైల్‌జెట్ గంటన్నర దగ్గర దగ్గర, బీఆర్‌బీ రెండు గంటల లోపు. పెద్దవాళ్ళతో వెళ్తుంటే, ముందుగా దొరికే చవక టికెట్ ఉంటే, నేను రైల్‌జెట్టే తీసుకోమంటాను. సీటు రిజర్వ్ చేసుకోవచ్చు, లోపలే భోజనం బోగీ ఉంటుంది. కానీ చవక టికెట్ ఆ ఒక్క రైలుకే కట్టుబడి ఉంటుందని గుర్తుంచుకోండి. బీఆర్‌బీలో రిజర్వేషన్ ఉండదు, అందుకని మ్యూనిక్ హెచ్‌బీఎఫ్‌లోనే, అంటే మెయిన్ స్టేషన్‌లోనే, ఇరవై నిమిషాలు ముందుగా ఎక్కి కూర్చోండి, వారాంతంలో తర్వాత వచ్చే ఓస్ట్‌బాన్‌హోఫ్ స్టేషన్ దగ్గరికి వచ్చేసరికి నిలబడడానికే చోటుండదు.

ముందు రోజు రాత్రి జర్మనీ రైల్వే వాళ్ళ డీబీ నావిగేటర్ యాప్‌లో మీ రైలు మళ్ళీ ఒకసారి చూడండి. పట్టాల పని ఉంటే ఎస్ఈవీ అని కనిపిస్తుంది, అంటే మధ్యలో దించి బస్సెక్కిస్తారు. అలాంటి రోజు మోకాళ్ళ నొప్పులున్న మనిషిని తీసుకెళ్ళడం కన్నా వేరే రైలు చూసుకోవడం మేలు.

3. కాగితాలు

ఆస్ట్రియా కూడా ఒకే వీసాతో తిరిగే దేశాల కూటమి షెంగెన్‌లోనే ఉంది కాబట్టి జర్మనీ రెసిడెన్స్ కార్డుతోనో, అమ్మానాన్నల షెంగెన్ వీసాతోనో వెళ్ళొచ్చు. సింగిల్ ఎంట్రీ వీసా అయినా ఇబ్బంది లేదు, షెంగెన్ దాటి బయటికి పోవడం లేదు కదా. కానీ అసలు పాస్‌పోర్టులు, కార్డులు చేతిలో ఉండాలి, ఫోన్‌లో ఫోటో చాలదు. వచ్చేటప్పుడు సరిహద్దు దాటగానే వచ్చే ఫ్రైలాసింగ్ స్టేషన్‌లో జర్మనీ పోలీసులు బోగీల్లోకి ఎక్కి చూస్తారు. అమ్మకి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే యూనిఫాం చూడగానే టెన్షన్ పడిపోతారు. ట్రావెల్ ఇన్సూరెన్స్ కాగితం, బీపీ మాత్రలు హ్యాండ్‌బ్యాగులోనే పెట్టండి.

4. గది

నది రెండు వైపులా ఊరుంది. సాల్జాహ్ నదికి ఎడమ ఒడ్డున కోట, కథీడ్రల్, మోట్సార్ట్ పుట్టిన ఇల్లు. కుడి ఒడ్డున మిరాబెల్ తోట, లింట్సర్‌గాసె వీధి, కొంచెం అవతల రైల్వే స్టేషన్. గది కుడి ఒడ్డున, మిరాబెల్‌కి లింట్సర్‌గాసెకి మధ్యలో చూసుకోండి. స్టేషన్ నుంచి పదిహేను నిమిషాల నడక, వంతెన దాటితే పాతబస్తీ, ధర కూడా అవతలి ఒడ్డు కన్నా నయం. లిఫ్ట్ ఉందో లేదో తప్పకుండా అడగండి, పాత ఇళ్ళని హోటళ్ళుగా మార్చినవి చాలా ఉన్నాయి, మూడో అంతస్తు ఇచ్చి మెట్లు చూపిస్తే అక్కడికక్కడ ఏమీ చేయలేం.

బుక్ చేశాక హోటల్‌కి ఒక చిన్న మెయిల్ రాయండి, ఫలానా రోజు అమ్మ పుట్టినరోజు, రెండు మంచాలు కావాలి, గుడ్డు లేని టిఫిన్ కావాలి అని. అయితే ముందు రోజే శుభాకాంక్షలు చెప్తారని ఎదురుచూడకండి, జర్మన్ మాట్లాడేవాళ్ళు పుట్టినరోజుకి ముందే విష్ చేయడం అశుభం అనుకుంటారు. 2025 మే నుంచి సాల్జ్‌బర్గ్ రాష్ట్రంలో హోటల్లో దిగినవాళ్ళకి ఉన్నన్నాళ్ళూ బస్సులు, లోకల్ రైళ్ళు ఉచితంగా తిరిగే టికెట్ ఇస్తున్నారు. గది బుక్ చేసినప్పుడే దాని గురించి అడిగి తీసుకోండి, ఊళ్ళో దిగిన నిమిషం నుంచే పనికొస్తుంది.

5. కేకు విషయం

ఇక్కడ నేను చేసిన తప్పు మీరు చేయకండి. మ్యూనిక్‌లో ఒక షాపులో గుడ్డు లేని క్రీమ్ కేకు చేయించి, పెట్టె ఒళ్ళో పెట్టుకుని రైలెక్కాను. జూన్ ఎండ, నిండిన బోగీ, రోజెన్‌హైమ్ దాటేసరికి క్రీమ్ జారిపోయి "అమ్మా" అన్న అక్షరాలు పెట్టె మూతకి అంటుకున్నాయి. చాలా బాధపడ్డాను. క్రీమ్ కేకు వద్దు. తప్పనిసరిగా కేకే కావాలంటే క్రీమ్ లేని గట్టి కేకు, రవ్వ కేకు లాంటిది ఇంట్లో చేసి డబ్బాలో పెట్టుకోండి.

గుడ్డు తినేవాళ్ళయితే అసలు మోయక్కర్లేదు, ఆస్ట్రియాలో కేకులకి కొదవా! ఆల్టర్ మార్క్ట్ చౌకులో ఉన్న కెఫే టొమసెల్లిలో ఒకావిడ పెద్ద పళ్ళెంలో రకరకాల కేకు ముక్కలు పెట్టుకుని మీ బల్ల దగ్గరికే వస్తుంది, వేలుపెట్టి చూపిస్తే వడ్డిస్తుంది. సాల్జ్‌బర్గర్ నోకెర్ల్ అని ఇంకోటుంది, గుడ్డు తెల్లసొనని నురగలా గిలక్కొట్టి ఊరి చుట్టూ ఉన్న కొండల్లా మూడు కుప్పలుగా పోసి ఓవెన్‌లో కాలుస్తారు. చెప్పాక ఇరవై నిమిషాలకి పైగా పడుతుంది, ఒక ప్లేటు ఇద్దరు ముగ్గురికి సరిపోతుంది, వేడిగా ఉన్నప్పుడే తినాలి. పుట్టినరోజుకి దానికి మించిన స్వీటు ఆ ఊళ్ళో లేదని నా అభిప్రాయం.

గుడ్డు తినని అమ్మకి నేను కనుక్కున్న దారి యాపిల్ స్ట్రూడెల్, పొరలో యాపిల్ చుట్టి కాల్చేది. దాని పల్చటి పొరని చాలాచోట్ల పిండి, నూనె, నీళ్ళతోనే సాగదీసి చేస్తారు, కానీ అన్నిచోట్లా అలా కాదు, "ఓనె ఐ?" అని అడగండి, అంటే గుడ్డు లేకుండానా అని. మేం ఒక చిన్న కెఫేలో అడిగి, వాళ్ళు లోపలికి వెళ్ళి కనుక్కుని చెప్పాకే తీసుకున్నాం. వేడి స్ట్రూడెల్ మీద ఒక చిన్న కొవ్వొత్తి. కొవ్వొత్తి, అగ్గిపెట్టె మీరే తీసుకెళ్ళండి, వెలిగించే ముందు అడగండి. హోటల్ గదిలో మాత్రం వెలిగించొద్దు, హారతి కూడా వద్దు. పొగ అలారం మోగితే ఫైరింజన్ వస్తుంది, ఆ బిల్లు మన మీదే పడొచ్చు.

6. బయల్దేరే రోజు

తొమ్మిది దాటాక రైలు. వెళ్ళేటప్పుడు కుడి వైపు కిటికీ పట్టుకోండి, ఆల్ప్స్ కొండలు అటువైపే. ప్రీన్ దాటాక ఎడమ వైపు చెట్ల మధ్య కీమ్‌సే సరస్సు అక్కడక్కడ మెరుస్తుంది. పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో పెట్టుకోండి. మేం దిగి, హోటల్లో సామాను ఇచ్చేసి, మిరాబెల్ తోటలో బెంచీ మీద కూర్చుని పులిహోర తిన్నాం. గది మధ్యాహ్నం తర్వాతే ఇస్తారు గానీ సామాను పొద్దున్నే తీసుకుంటారు. ఆ తోటకి టికెట్ లేదు. అప్పట్లో ఈ ఊరిని ఏలిన వుల్ఫ్ డీట్రిష్ అనే ఆర్చ్‌బిషప్ 1606లో తన ప్రియురాలు సలోమె ఆల్ట్ కోసం కట్టించిన మేడ తోట అది. ఆ కథ చెప్తే అమ్మ "బిషప్పులకి పెళ్ళిళ్ళుండవు కదే" అంది, ఉండవు, అయినా వాళ్ళకి బోలెడుమంది పిల్లలు అని చెప్పాను.

మధ్యాహ్నం హెల్‌బ్రున్. ఏప్రిల్ నుంచి నవంబరు మొదటిదాకే తెరిచి ఉంటుంది, పాతబస్తీ నుంచి సిటీ బస్సుంది. మార్కుస్ సిట్టికుస్ అనే ఇంకో ఆర్చ్‌బిషప్ 1610ల్లో అతిథులని ఆటపట్టించడానికి కట్టించిన తోట అది, ఎక్కడి నుంచి నీళ్ళు చిమ్ముతాయో తెలియదు. రాతి బల్ల చుట్టూ రాతి పీటలుంటాయి, అన్నిట్లోంచీ నీళ్ళొస్తాయి, దొరగారు కూర్చునే పీటలోంచి తప్ప. పిల్లలుంటే వేరే జత బట్టలు పెట్టండి.

సాల్జ్‌బర్గ్ కార్డు కొనాలా వద్దా అనే లెక్క ఇక్కడే చూసుకోవాలి. 24 గంటల కార్డుతో దాదాపు అన్ని చోట్లకీ ఒక్కోసారి ఉచిత ప్రవేశం, కోట పైకి వెళ్ళే రైలు, బస్సులు కలిసి వస్తాయి. గడియారం మొదటిసారి వాడినప్పటి నుంచి మొదలవుతుంది. మధ్యాహ్నం రెండింటికి హెల్‌బ్రున్‌లో మొదలుపెడితే మర్నాడు రెండింటిదాకా చెల్లుతుంది, ఆ లోపల మోట్సార్ట్ ఇల్లు, కోట రెండూ అయిపోతాయి. మూడూ చూస్తే కార్డు గిట్టుబాటే. ఒక్క కోటే చాలనుకుంటే వద్దు.

7. ఆ సాయంత్రం ఫోన్లు

ఇది చాలామంది ఆలోచించరు. ఇండియాలో అర్ధరాత్రి పన్నెండు అంటే ఎండాకాలం ఇక్కడ ముందు రోజు రాత్రి ఎనిమిదిన్నర, చలికాలం ఏడున్నర. సరిగ్గా అప్పుడే అన్నయ్యలు, పిన్నులు, బాబాయిలు, మనవలు అందరూ ఫోన్ చేస్తారు. ఆ టైముకి రెస్టారెంట్లో టేబుల్ బుక్ చేయకండి. భోజనం ముందే ముగించి, ఛార్జింగ్ నిండా ఉన్న ఫోన్‌తో నది ఒడ్డున బెంచీ మీద కూర్చోబెట్టండి. జర్మనీ సిమ్ ఆస్ట్రియాలో అదనపు ఖర్చు లేకుండా పనిచేస్తుంది. జూన్‌లో ఆ వేళకి ఇంకా వెలుగుంటుంది. అమ్మ మకార్ట్‌స్టెగ్ వంతెన దగ్గర కూర్చుని గంటసేపు అందరితో వీడియోలో మాట్లాడింది, ప్రతి ఒక్కరికీ ఫోన్ తిప్పి కోట చూపించింది. "గోదావరి గట్టు మీద కూర్చున్నట్టే ఉందే" అంది.

భోజనంలో జాగ్రత్త ఒకటి చెప్పాలి. సూపులు శాకాహారంలా కనిపిస్తాయి కానీ ఫ్రిటాటెన్ సూపు బీఫ్ రసంతో చేస్తారు. మెనూలో "రిండ్" అంటే బీఫ్, "ష్వైన్" అంటే పంది. చీజ్‌తో చేసే కాస్‌నోకెన్ బాగుంటుంది గానీ పిండిలో గుడ్డుంటుంది. వేరే దారి లేకపోతే ఇండియన్ రెస్టారెంట్లు ఊళ్ళో ఉన్నాయి, అందులో తప్పేం లేదు, పుట్టినరోజు ముందు రోజు రాత్రి అమ్మ కడుపు నిండడం ముఖ్యం. కొంత నగదు ఉంచుకోండి, చిన్న కెఫేల్లో కార్డు తీసుకోకపోవచ్చు.

8. పుట్టినరోజు పొద్దున

ఆరింటికి లేపండి. తిట్టుకున్నా సరే లేపండి. కొత్త చీర కట్టుకోమనండి. ఆరున్నరకి బయల్దేరి వంతెన దాటి మోట్సార్ట్‌ప్లాట్స్ చౌకుకి చేరాలి. ఏడింటికి ఆ పక్కన పాత మేడ బురుజు మీద నుంచి 35 గంటలు కలిసి ఒక పాట వాయిస్తాయి. ఆర్చ్‌బిషప్ యోహాన్ ఎర్న్‌స్ట్ థూన్ 1695లో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ నుంచి తెప్పించిన గంటలవి, 1704లో మొదటిసారి మోగాయి. ఇప్పటికీ రోజుకి మూడుసార్లు, పొద్దున ఏడు, పదకొండు, సాయంత్రం ఆరు. పదకొండింటికి విన్నవాళ్ళు బోలెడుమంది ఉంటారు, ఏడింటికి వినేవాళ్ళు అతి తక్కువ. ఆ పాట అవగానే పైన కోటలోంచి పెద్ద రంకె లాంటి శబ్దం జవాబుగా వస్తుంది. అది 1502లో చేసిన గాలి వాద్యం, ఆ ఊరివాళ్ళు దాన్ని సాల్జ్‌బర్గ్ ఎద్దు అంటారు. ఎద్దు మాత్రం చలికాలంలో పలకదు, ఈస్టర్ ముందు ఆదివారం నుంచి అక్టోబరు ఆఖరుదాకానే.

మేం చేరేసరికి చౌకులో మేం ముగ్గురం, వీధి ఊడ్చే ఆయన ఒకరు. గంటలు మొదలవగానే అమ్మ అలవాటుగా రెండు చేతులూ జోడించింది, పాట అయ్యేదాకా అలాగే నిలబడింది. నేను ఫోటో తీయలేదు. మీరు కూడా ఆ కాసేపు ఫోన్ లోపల పెట్టండి.

అక్కడి నుంచి తొందరపడకుండా నడవండి. కథీడ్రల్ చౌకు, దాని వెనక సెయింట్ పీటర్ మఠం, కొండరాతిలో తొలిచిన గుహల కింద పువ్వులతో నిండిన శ్మశానం. తర్వాత ఖాళీ గెట్రైడెగాసె. ఇనుముతో అల్లిన దుకాణాల గుర్తులు పైన వేలాడుతుంటాయి, చదువురాని వాళ్ళకి ఏది ఏ కొట్టో తెలియడానికి పెట్టినవి. జనం ఉన్నప్పుడు తలెత్తి చూడలేం, ఇప్పుడు ఒక్కొక్కటీ ఇదేం కొట్టు అని ఊహిస్తూ పోవచ్చు. పక్కనే విశ్వవిద్యాలయం చౌకులో పచ్చి కూరగాయల మార్కెట్ అప్పుడే తెరుస్తుంటారు.

తొమ్మిదింటికి గెట్రైడెగాసెలో తొమ్మిదో నంబరు ఇంటి తలుపు తీస్తారు. 1756 జనవరి 27న మోట్సార్ట్ పుట్టింది ఇక్కడే, మూడో అంతస్తులో. మొదటి పది నిమిషాల్లోనే లోపలికి వెళ్ళండి. చిన్నప్పుడు వాయించిన బుల్లి వయొలిన్ చూడండి, దాని ముందు ఎవరూ లేకుండా నిలబడగలగడం పదకొండు తర్వాత కుదరదు. పుట్టిన మర్నాడే మోట్సార్ట్‌కి బాప్టిజం ఇచ్చిన కంచు తొట్టి కథీడ్రల్‌లో ఉంది, అది 1321 నాటిది. ఇంకో సంగతి, అప్పటికి సాల్జ్‌బర్గ్ ఆస్ట్రియాలో లేదు, ఆర్చ్‌బిషప్పులే ఏలుకునే వేరే రాజ్యం, ఉప్పు అమ్మి బతికిన రాజ్యం, ఊరి పేరులోనే ఉప్పుంది. ఆస్ట్రియాలో శాశ్వతంగా కలిసింది 1816లో.

పదింటికి స్ట్రూడెల్, కొవ్వొత్తి. తర్వాత కోట. 1077లో ఆర్చ్‌బిషప్ గెబ్‌హార్డ్ మొదలుపెట్టిన హోహెన్‌సాల్జ్‌బర్గ్, 1892 నుంచి పైకి తాడు రైలుంది. నడిచి ఎక్కించకండి, వాలు చాలా ఎక్కువ. రైలు దిగాక కూడా రాళ్ళు పరిచిన దారి, కొన్ని మెట్లు ఉంటాయి. మోకాళ్ళ నొప్పులుంటే మ్యూజియం గదులన్నీ తిరగక్కర్లేదు, దక్షిణం వైపు గోడ దగ్గరికి తీసుకెళ్ళి కొండలు చూపించి కూర్చోబెట్టండి, అది చాలు.

9. తిరుగు ప్రయాణం

పన్నెండు దాటితే వీధులు నిండిపోతాయి, అప్పుడు పాతబస్తీలో మీకు పనేం లేదు. ఒక్క కొనుగోలు మాత్రం మిగిలి ఉంటుంది: మోట్సార్ట్ కూగెల్. పిస్తా మార్జిపాన్ (బాదం చక్కెర ముద్ద) ఉండ చుట్టూ నూగాట్ అనే గింజల ముద్ద, పైన చాక్లెట్. 1890లో పౌల్ ఫ్యూర్స్ట్ అనే మిఠాయి తయారీదారు చేశాడు. ఎరుపు బంగారు కాగితంలో ప్రతి కొట్లో దొరికేవి ఫ్యాక్టరీవి, ఆయన దుకాణంలో వెండి నీలం కాగితంలో చుట్టి ఇచ్చేవి ఇప్పటికీ చేత్తో చేసేవి. ధర ఎక్కువే, పది కొనండి, రుచి తేడా తెలుస్తుంది. ఎండలో కరుగుతాయి, బ్యాగు అడుగున పెట్టండి.

మూడు లోపు రైలు పట్టుకోండి, ఐదు తర్వాత ఒక్కరోజుకి వచ్చినవాళ్ళందరూ అదే రైల్లోకి ఎక్కుతారు. ఈసారి కిటికీ ఎడమ వైపు. ఫ్రైలాసింగ్ దాటేదాకా పాస్‌పోర్టులు చేతిలోనే ఉంచుకోండి. మాకు పోలీసాయన అమ్మ పాస్‌పోర్టు తెరిచి పుట్టిన తేదీ చూసి, ఆగి, "ఆలెస్ గూటె త్సుమ్ గెబుర్ట్స్‌టాగ్", అంటే పుట్టినరోజు శుభాకాంక్షలు, అని చెప్పి తిరిగి ఇచ్చాడు. అమ్మ అర్థమేంటని అడిగి తెలుసుకుని, బ్యాగు అడుగు నుంచి ఒక వెండి నీలం ఉండ తీసి ఇవ్వబోయేసరికి ఆయన పక్క బోగీలోకి వెళ్ళిపోయాడు.